పాదాలు కూడా పడాలె

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో అంగడి రోజున ఫొటో దిగడానికి వచ్చేవాళ్ళు రెండు రకాలుగా ఉండేవాళ్ళు. బస్టు సైజు చాలనేవాళ్ళు ఒక రకం. బజార్లో దుకాణాలవాళ్ళు, టీచర్లు, కొత్తగా ఉద్యోగమొచ్చి సంబంధాలు చూసుకుంటున్న కుర్రాళ్ళు. మెడ కింద రెండు గుండీల దాకా పడితే వాళ్ళకు అదే ఫొటో. రెండో రకం గూడేల నుంచి వచ్చే గోండులు, కొలాములు, పర్ధానులు. వీళ్ళకు ఆ బస్టు లెక్క అస్సలు నచ్చేది కాదు. "పాదాలు కూడా పడాలె దాదా" అని కుర్చీలో కూర్చోకముందే చెప్పేవాళ్ళు. మా స్టూడియో ఉస్తాద్ వాళ్ళ మాట వినకుండా నడుము దాకా తీశాడనుకోండి, ఫొటో ఇచ్చే రోజున దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగిలిన మనిషేడి?" అని అడిగేవాళ్ళు.

పదో తరగతి అయ్యాక నేనా స్టూడియోలో పనికి కుదిరాను. 1980ల చివరి సంగతి. స్టూడియో అంటే రేకుల కప్పు కింద రెండు గదులు. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, మేకుకు వేలాడే నల్లకోటు. వెనక గదిలో ఒక మూల ప్లైవుడ్ కొట్టి చేసిన డార్క్‌రూం, ఎదురుగా తెర. చుట్టూ టేకు అడవి ఉన్న ఊళ్ళో ఆ తెర మీద మాత్రం ఎక్కడిదో రాజుగారి తోట, పాలరాతి మెట్లు, మెట్ల పక్కన హంసలు. నిర్మల్ నుంచి వచ్చిన పెయింటర్ వేశాడట. హంసల మెడలు కొంచెం ఎక్కువ పొడుగొచ్చాయి గానీ ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

కెమెరా రెండు కళ్ళ యాషికా. 120 ఫిల్ము, రోలుకు పన్నెండు. పాదాలు పడాలంటే కెమెరాను వెనక్కి జరపాలి, గదేమో చిన్నది. అందుకని తలుపు బార్లా తీసి, స్టాండును గుమ్మంలో నిలబెట్టి, ఉస్తాద్ వీధిలో వంగి నిలబడి తీసేవాడు. వెనకాల అంగడి జనం మూగేవాళ్ళు. మొహం బఠాణీ గింజంత పడుతుందని ఆయన బాధ. "మొహమే కదా బై మనిషంటే" అని నాతో గొణిగేవాడు. దిగేవాళ్ళు మాత్రం కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, అరచేతులు తొడల మీద ఆనించి, కెమెరా కేసి తిన్నగా చూస్తూ కూర్చునేవాళ్ళు. నవ్వమంటే నవ్వేవాళ్ళు కాదు. కెమెరా అంటే అడవిలోవాళ్ళకు బెదురని పట్నంనుంచి వచ్చినవాళ్ళు అంటుంటే చాలాసార్లు విన్నాను. అది బెదురు కాదు. గోండుల దేవుడు కేస్లాపూర్ నాగోబా దగ్గర దర్బారులో ఊరిపెద్దలైన పటేళ్ళు కూర్చునేది కూడా అలాగే. నలుగురి ముందు కూర్చునే పద్ధతి అది. ఫొటో అంటే ఎప్పటికీ నలుగురి ముందు కూర్చోవడమే కదా.

ఇక వాళ్ళు వెంట తెచ్చుకునేవి. స్టూడియో కోటు కుర్రాళ్ళకు కావాలి గానీ పెద్దవాళ్ళు దాని జోలికి పోయేవాళ్ళు కాదు. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, తలకు రుమాలు. ఆపైన వాళ్ళకు ఇష్టమైన వస్తువొకటి. ట్రాన్సిస్టర్ రేడియో, కొత్త గొడుగు, మూడు బ్యాటరీల టార్చిలైటు. ఎక్కువమందిది చేతిగడియారం. అంగీ చెయ్యి మోచేతి దాకా మడిచి, గడియారం కనపడుతోందా లేదా అని రెండేసి సార్లు అడిగేవాళ్ళు. ఒక పెద్దాయన గడియారం ఆగిపోయి ఉంది. తాళం తిప్పి, నన్ను టైమడిగి ముల్లు సరిచేసుకుని మరీ ఫొటో దిగాడు. పోస్టుకార్డు సైజు ఫొటోలో ఆ ముల్లు ఏ కళ్ళకూ ఆనదు. అయినా ఆయన లెక్క ఆయనది.

టచింగు సంగతి చెప్పాలి. ఇప్పటి కుర్రాళ్ళకు ఫోన్లో వేలితో గీకితే మొటిమ పోతుంది. మాకు నెగెటివ్ మీద పెన్సిలే దిక్కు. గట్టి పెన్సిలును గరుకు కాగితం మీద సూదిమొనలా చెక్కి, పాలగాజు పలక మీద నెగెటివ్ పెట్టి, కింది నుంచి వెలుతురు పడుతుంటే చుక్క చుక్కగా నింపడం. మొహం మీద నల్లమచ్చ నెగెటివ్‌లో పలచగా, గాజులా కనిపిస్తుంది. ఆ పలచన చోటును పెన్సిలుతో నింపితే ప్రింటులో మచ్చ మాయం. మొహమంతా తెల్లగా రావాలంటే ఎర్రరంగు నీళ్ళు కుంచెతో పూసేవాళ్ళు. చామనచాయ మొహాన్ని ఒకటి రెండు మెట్లు తెల్లగా చేసి ఇవ్వడం స్టూడియో ధర్మమని అప్పట్లో అందరూ ఒప్పుకున్న మాట. దిగినవాళ్ళు అడగక్కర్లేదు. అడక్కపోయినా చేస్తేనే మంచి స్టూడియో.

జైనూరు వైపు నుంచి వచ్చిన ఒక గోండు ఆవిడ ఫొటోకు ఉస్తాద్ మా గొప్పగా టచింగు చేశాడు. నడివయసు మనిషి. నుదుటి మధ్య నిలువుగా పచ్చబొట్టు, గడ్డం మీద మూడు చుక్కలు, చేతుల నిండా గీతలు. చేతుల దాకా ఎవరు పోతారు గానీ, మొహం మీదున్నవన్నీ పెన్సిలు కింద మాయమయ్యాయి. ఆమె తర్వాతి అంగడికొచ్చి ఫొటో చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసి బల్ల మీద పెట్టేసింది.

"ఇది నేను కాదు."

"నువ్వే బాయీ. చీర చూడు, చేతులు చూడు" అన్నాడు ఉస్తాద్.

"చేతులు నావే. మొహం ఎవరిదో పెట్టినవ్. నా పచ్చబొట్టేది? నగలు తీసుకుంటరు, చీర తీసుకుంటరు, చచ్చినంక నా యెంబడి వచ్చేది గదొక్కటే. బతికుండంగనే తీసేస్తివి గద."

గొంతు పెంచలేదు. డబ్బులు కూడా తిరిగి అడగలేదు. ఫొటో అక్కడే వదిలి మిరపకాయలు కొనుక్కోడానికి వెళ్ళింది. ఉస్తాద్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెగెటివ్ తీసి, టర్పెంటైన్లో దూది ముంచి, చేసిన టచింగంతా తుడిచేశాడు. సాయంత్రం అంగడి ఎత్తేసేలోపు తడి ఆరీ ఆరని కొత్త ప్రింటు ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి రిజిస్టర్లో కొందరి పేర్ల పక్కన ఉర్దూలో చిన్న గుర్తొకటి వేసేవాడు. పెన్సిలు తగలొద్దని దానర్థం.

1990లలో నేను హైదరాబాద్ వచ్చి ఒక కలర్ ల్యాబ్‌లో చేరాను. అక్కడ మెషిన్ రంగులు సరిచూసుకోడానికి కంపెనీ పంపిన కార్డు ఉండేది. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ. ఆ పిల్ల చర్మం సరిగ్గా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు. ప్రపంచమంతా ల్యాబుల్లో వాటిని షర్లీ కార్డులనేవాళ్ళు. మనవాళ్ళ పెళ్ళి ఫొటోల్లో నల్లటి పెదనాన్న మొహం బొగ్గుముద్దలా పడి, పక్కన తెల్లచీర తళతళలాడితే తప్పు ఫొటోగ్రాఫర్‌ది అనుకునేవాళ్ళం. సగం తప్పు ఆ కార్డుది.

ఆ ల్యాబ్‌కు యూనివర్సిటీ సారొకాయన పాత పుస్తకాలు తెచ్చేవారు. వాటిల్లోని బొమ్మలను కాపీ తీసి స్లైడ్లు చేసివ్వాలి. ఎవరూ వేలు పెట్టకుండా ఆ పని నాకే అప్పగించమనేవారు. తీస్తూ తీస్తూ నేను అడిగేవాణ్ణి, ఆయన చెప్పేవారు. నా చదువంతా అక్కడే అయిందనుకోవచ్చు.

వాటిల్లో ఒకటి ‘పీపుల్ ఆఫ్ ఇండియా’. 1857 తిరుగుబాటు అణిగాక, మన కింద ఉన్న ఈ జనం ఎవరెవరో తెలుసుకోవాలని తెల్లదొరలకు బెంగ పట్టుకుంది. వైస్రాయి కానింగ్ హయాంలో మొదలైన ఫొటోల సేకరణ చివరకు 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. మొత్తం 468 ఫొటోలు. కింద కులం పేరో తెగ పేరో ఉంటుంది. వీళ్ళు ఇలాంటివాళ్ళు, వీళ్ళ నడవడి ఇలాంటిది అని పక్కన రాత. మనిషి పేరు వెతికితే అరుదుగా తప్ప దొరకదు. దర్జాగా కూర్చున్నవాడైనా సరే, వాడు వాడు కాదు, ఒక జాతికి నమూనా.

ఇంకోటి థర్‌స్టన్ దొర ఏడు సంపుటాలు, 1909లో అచ్చయినవి. దక్షిణాది కులాలూ తెగలూ అన్నీ అందులో ఉన్నాయి, మన కోయలు, చెంచులు, సవరలు సహా. ఆయన మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటు. ఇనప పరికరాలతో తల చుట్టుకొలత, ముక్కు పొడవు వెడల్పు కొలిచేవాడు. అంతకుముందే 1869లో లాంప్రే అనే ఆయన, పట్టుదారాలతో గళ్ళు కట్టిన చట్రం ముందు మనుషుల్ని బట్టల్లేకుండా నిలబెట్టి ఫొటో తీసే పద్ధతి కనిపెట్టాడు. గళ్ళు లెక్కపెట్టుకుంటే ఒంటి కొలతలు వచ్చేస్తాయి. అందులో పాదాలు పడతాయి, నిజమే. మా గుమ్మం ముందు పాదాల కోసం పట్టుబట్టిన పెద్దాయన అడిగింది మాత్రం ఇది కాదు.

అదే కాలంలో హైదరాబాద్ సంగతి వేరు. రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసమని 1892లో విడిగా జనానా స్టూడియో పెట్టి, దానికి ఒక ఇంగ్లిష్ ఆవిడను నియమించాడు. నవాబులు, బేగములు, వాళ్ళ నగలు, బిరుదులు, పేర్లు. అదే రాజ్యంలో కొండల్లో ఉన్నవాడికి పేరుండదు. ఒకే రాజు, ఒకే రకం కెమెరా.

సారు తెచ్చినవాటిల్లో నన్ను బాగా ఆపింది అమెరికా పుస్తకం. ఎడ్వర్డ్ కర్టిస్ అక్కడి మూలవాసుల్ని ముప్పై ఏళ్ళు తిరిగి తిరిగి తీశాడు. 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు. అంత అందమైన ప్రింట్లు నేనింతవరకూ చూడలేదు, పనివాడిగా దణ్ణం పెట్టాలి. వాటిల్లో ఒకటి 1910 నాటిది. పీగన్ తెగ పెద్దమనిషీ ఆయన కొడుకూ గుడారంలో కూర్చుని ఉంటారు, చుట్టూ వాళ్ళ సామాన్లు. మధ్యలో ఒక అలారం గడియారం ఉంది. ఉంది అంటే, నెగెటివ్‌లో ఉంది. పుస్తకంలో అచ్చయిన బొమ్మలో లేదు. కర్టిస్ దాన్ని టచింగులో తీసేయించాడు. అంతరించిపోతున్న జాతి అని కొనేవాళ్ళకు చెప్పుకోవాలి కదా, వాళ్ళింట్లో గడియారం ఉంటే కథ చెడుతుంది.

ముల్లు సరిచేసుకుని దిగిన మా పెద్దాయన గుర్తొచ్చాడు. వాళ్ళు తమ ఫొటోలో ఏం పడాలనుకుంటారో సరిగ్గా అదే ఈ పెద్ద ఫొటోగ్రాఫర్లకు పనికిరాదు. మా ఉస్తాద్ పచ్చబొట్టు తీసేశాడు, కర్టిస్ గడియారం తీసేశాడు. ఒకరిది నాగరికుణ్ణి చేద్దామనే ఆరాటం, ఇంకొకరిది నాగరికుడు కాకూడదనే ఆరాటం. ఉస్తాద్ మాత్రం ఒక ఆడమనిషి మాట విని తుడిచి మళ్ళీ ప్రింటు వేశాడు. నేను ఆయన్నే మెచ్చుకుంటాను. పక్షపాతమనుకున్నా సరే.

ఓటరు కార్డుల ఫొటోలు తీసిన రోజులు కూడా చెప్పుకోవాల్సినవే. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఫొటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టారు. మా వైపు ఆ పని దక్కినవాళ్ళకు చేతులు చాలక ఉస్తాద్‌ను పిలిచారు, ఆయన నన్ను హైదరాబాద్ నుంచి రప్పించాడు. బడి గోడకు తెల్లగుడ్డ కట్టి, ముందు స్టూలేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తీయడం. చేతికి నంబరు రాసిన పలక. తెరా లేదు, హంసలూ లేవు, గొడుగుకూ గడియారానికీ చోటు లేదు. కూర్చో, చూడు, లే. పాదాల మాట ఎవరైనా ఎత్తితే వెనక వరసలో నిలబడ్డవాళ్ళే నవ్వారు. ఇది సర్కారు ఫొటో, మనది కాదు అని వాళ్ళకు అప్పుడే తెలిసిపోయింది.

ఒక గూడెంలో పటేల్ వచ్చి కూర్చున్నాడు. అక్కడున్న ఒక ఉద్యోగి రుమాలు తీయమన్నాడు. చెవులు కనపడాలి, నుదురు కనపడాలి అని. పటేల్ తీయలేదు.

"రుమాలు లేకుండ మా ఊర్ల నన్ను ఎవ్వరు చూడలె సార్. గీ కార్డు చూసి నేనే అని ఎట్ల గుర్తుపడ్తరు?"

గుర్తింపు కార్డు మీద ఇంతకన్నా సూటి ప్రశ్న నేను ఏ చదువుకున్నవాడి నోటా వినలేదు. ఉద్యోగి దగ్గర జవాబు లేదు, రూలు ఉంది. చివరికి రుమాలు చెవుల వెనక్కి సర్ది, నుదురు కనపడేలా కొంచెం పైకి జరిపి తీశాం. కార్డు వచ్చాక చూస్తే అందరి మొహాలూ ఒకేలా నల్లగా పడ్డాయి, రుమాలు ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. ఆ ఊళ్ళో కార్డు చూసి మనిషిని గుర్తుపట్టగలిగింది పటేల్‌నొక్కణ్ణే.

తర్వాత రేషన్ కార్డుకు కుటుంబమంతా కలిసి దిగే ఫొటో, బ్యాంకు పుస్తకానికో ఫొటో, పోడు భూముల దరఖాస్తులకు మొగుడూపెళ్ళాల ఫొటోలు. 2006 అటవీ హక్కుల చట్టంలో పట్టా ఇద్దరి పేరు మీదా ఇవ్వాలని ఉంది. ఆ చట్టం మంచిచెడ్డలు మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చూసింది వేరు. జీవితంలో ఎన్నడూ పక్కపక్కన ఫొటో దిగని ముసలి జంటలు పట్టా పుణ్యమా అని దిగారు. అందులో కొందరు ఆ ఫొటోనే పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకున్నారు. సర్కారు కోసం దిగిన ఫొటో ఇంటి ఫొటో అయింది.

ఆధార్ సంగతికొస్తే, దేశంలో మొట్టమొదటి ఆధార్ నంబరు ఇచ్చింది 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే ఆదివాసీ పల్లెలో, ఒక ఆదివాసీ మహిళకు. ఆ వార్త చదివి నాకు ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ బొమ్మలు గుర్తొచ్చాయి. అప్పుడూ వీళ్ళ దగ్గరికే పోయారు, ఇప్పుడూ వీళ్ళ దగ్గరికే. ఒక తేడా ఉంది, కాదనను. అప్పుడు తెగ పేరే మిగిలింది, మనిషి పేరు పోయింది. ఇప్పుడు పేరు, నంబరు ఉన్నాయి, తెగ లేదు. దేశం దృష్టిలో మనిషి కావడానికి ఒకవైపు మొహం కడిగేసుకోవాలి, కులధ్రువీకరణ పత్రం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ తెగ నిరూపించుకోవాలి. అదీ పాస్‌పోర్టు సైజు ఫొటో అతికించే.

పండగలొస్తే ఇంకో రకం ఫొటో. టూరిజం పోస్టర్లలో అరకు థింసా ఆట, మా వైపు గుస్సాడీ ఆట. నెమలిపింఛాల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, భుజాన జింకతోలు. దీపావళి ముందు దండారీ పండగ రోజుల్లో నిష్ఠతో కట్టే వేషం అది. ఆ టోపీకి పూజ చేస్తారు. దాన్ని ఏ నెలలోనైనా, ఏ ఎయిర్‌పోర్టు గోడ మీదైనా నవ్వుతూ నిలబెట్టేసరికి ఆదివాసీ అంటే ఏడాదంతా అలాగే తిరుగుతాడని పట్నంవాళ్ళు అనుకుంటారు. మార్లవాయి కనకరాజుగారికి గుస్సాడీ కళకే 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. పేపర్లలో నేను చూసిన ఆయన ఫొటోల్లో ఎక్కువ భాగం ఆ టోపీతోనే. కళకు వచ్చిన గౌరవం కాబట్టి తప్పనలేను. కానీ టోపీ లేని కనకరాజుగారు ఎదురైతే ఎంతమంది గుర్తుపట్టి ఉంటారో.

మార్లవాయి పేరెత్తితే హైమన్‌డార్ఫ్ ఫొటోల గురించి చెప్పక తప్పదు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో ఇక్కడికొచ్చాక యుద్ధం మొదలై, శత్రుదేశం పాస్‌పోర్టు చేతిలో ఉండటంతో హైదరాబాద్ రాజ్యం దాటకూడదన్నారు. ముందు చెంచుల దగ్గర, తర్వాత కొండరెడ్ల దగ్గర. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చమని నిజాం సర్కారు ఆయన్ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. అక్కడే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. ఇద్దరి సమాధులూ ఇవాళ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. దొర ఫొటోల్లో తలల కొలతలు లేవు. నాగలి పట్టినవాళ్ళు, ఎక్కాలు వల్లిస్తున్న పిల్లలు, మాట మధ్యలో నవ్వు ఆపుకుంటున్నవాళ్ళు. కెమెరా వెనకున్న మనిషి నిన్నామొన్న దిగినవాడు కాదని ఫొటో చూస్తేనే తెలుస్తుంది.

అవి లండన్‌లో సోవాస్ అనే కళాశాల భద్రపరిచింది, చాలావాటిని కంప్యూటర్లో చూడొచ్చు. ఆమధ్య ఊరెళ్ళినప్పుడు వాటిల్లో కొన్నిటిని నా ఫోన్లో ఎక్కించుకుని, తెలిసినవాళ్ళ ఇంట్లో ఒక పెద్దావిడకు చూపించాను. నేను చూసినవాటి కింద ఊరు ఉంది, తెగ ఉంది, పేరు కొన్నిటికే ఉంది. ఆమె ఫోను దూరంగా పట్టుకుని ఒక్కొక్కటీ చూసింది. ఒక ఫొటో దగ్గర ఆగి, "ఈ కడియం మా చిన్నమ్మది" అంది. మొహం గురించి కాదు, కడియం గురించి. తర్వాత మొహం కూడా పోల్చుకుని ఆ చిన్నమ్మ పేరు, ఇంటిపేరు, ఎవరికిచ్చారో, ఎందరు పిల్లలో అన్నీ చెప్పింది. లండన్‌లో లేని వివరం కాస్తా ఆ అరుగు మీద ఉంది.

ఆ ఇంటి మనవడికి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసులో పనుంటే మర్నాడు ఆమె కూడా వెంట వచ్చింది. గోడ మీద రాష్ట్రపతి ఫొటో. 2022 జూలై 25 నుంచి ఆ చోట ద్రౌపది ముర్ము ఉన్నారు. ఈమె ఎవరని అడిగింది.

"రాష్ట్రపతి అవ్వా. దేశానికంతా పెద్ద. మన తీరే ఆదివాసీ, సంతాల్ వాళ్ళు" అన్నాడు మనవడు.

ఆమె దగ్గరికి పోయి చూసింది. "మంచిగున్నది. ఎన్ని దేవుళ్ళోళ్ళు? ఏడు దేవుళ్ళోళ్ళా, ఆరా?"

గోండుల్లో నాలుగు దేవుళ్ళవాళ్ళు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళు అని వరసలుంటాయి. ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరింటికి పిల్లనివ్వచ్చో తేలేది దాంతోనే. సంతాలులకు ఈ లెక్క లేదని మనవడు చెప్తే, "మరి ఆమెను ఏం వరస పెట్టి పిలవాలె?" అంది. ఆ గోడ మీద అంతకుముందు ఎందరి ఫొటోలు మారాయో, ఏ ఒక్కరినీ వరస పెట్టి పిలవాలని ఆమెకు అనిపించి ఉండదు.

ఇప్పటి పిల్లలు ఎవరి కోసమూ ఆగడం లేదు. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తే స్టేటస్‌లన్నీ వాళ్ళ ఫొటోలే. తలకు రుమాలు, చేతిలో జెండా, కళ్ళకు నల్లద్దాలు, పక్కన బుల్లెట్ బండి. నాకు తెలిసిన ఒక కుర్ర టీచర్ గ్రూపులో హైమన్‌డార్ఫ్ ఫొటోలు ఒక్కొక్కటే పెట్టి, ఎవరెవరో చెప్పమని అడుగుతుంటాడు. పేర్లు వస్తుంటాయి. ఒక్కో ఫొటోకు రెండు ఊళ్ళవాళ్ళు మా తాతంటే మా తాతని వాదులాట. వాదులాటే మంచిది, నమూనా బొమ్మ కోసం ఎవరూ కొట్టుకోరు.

మా స్టూడియో కథ దీనికి తిరగేసి జరిగింది. డిజిటల్ వచ్చాక ఉస్తాద్ నెగెటివ్‌లన్నీ గోనెసంచుల్లో పోసి పాతసామాన్లవాడికి అమ్మేశాడు, వెండి తీసుకుంటారని. రిజిస్టర్లు మాత్రం చెదలు పట్టకుండా మిగిలాయి. తేదీ, పేరు, ఇంటిపేరు, ఊరు, సైజు, ఎన్ని కాపీలు. ఆత్రం, మడావి, సిడాం, మెస్రం, కుమ్ర, పేజీల కొద్దీ పేర్లు. ఎదురుగా ఫుల్ సైజు, ఫుల్ సైజు, ఫుల్ సైజు. ఆ టీచర్ వాటిని ఫొటోలు తీసుకుని పోయాడు. ఊరూరా తిరిగి ఈ పేర్లవాళ్ళ ఇళ్ళల్లో ఫ్రేముల్లో ఉన్న ప్రింట్లు స్కాన్ చేస్తాడట. మొన్న ఫోన్ చేసి, మీ ఉస్తాద్ ఉర్దూలో వేసిన ఈ గుర్తు ఏమిటి సార్, కొన్ని పేర్ల పక్కనే ఎందుకుంది అని అడిగాడు. చెప్పాను. అయితే ముందు ఆ ఇళ్ళకే పోతానన్నాడు.